మాహిష్మతి గెలిచింది... వెండితెర మీద!

చరిత్రలో ఓడిపోయిన ఒక చిన్న ఉత్తరాది రాజ్యాన్ని మన తెలుగు సినిమా మహాసామ్రాజ్యం చేసి కూర్చోబెట్టింది. సంతోషం! మరి చరిత్రలో నిజంగా గెలిచిన మన చిన్న రాజ్యం సంగతేమిటి?

"మాహిష్మతి" అనగానే ఇవాళ అయిదేళ్ల పిల్లవాడు కూడా ఛాతీ విరుచుకుని నిలబడతాడు. "బాహుబలి" మొదటి భాగం 2015 జూలై 10న విడుదలైంది. రెండో భాగం 2017 ఏప్రిల్ 28న వచ్చింది. ఈ రెండు తేదీల మధ్య దేశమంతా ఒకటే ప్రశ్న: కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడు? మొదటి భాగానికి ఉత్తమ చిత్రంగా జాతీయ బహుమతి దక్కింది. రెండో భాగం వెయ్యి కోట్ల రూపాయల వసూళ్లు దాటిన తొలి భారతీయ చిత్రం అనిపించుకుంది. శ్రీ విజయేంద్రప్రసాద్ కథ, శ్రీ రాజమౌళి దర్శకత్వం, శ్రీ సాబు సిరిల్ కళ, శ్రీ సెంథిల్ కుమార్ ఛాయాగ్రహణం, శ్రీ కీరవాణి సంగీతం అన్నీ కలిసి ఒక రాజ్యాన్ని కళ్లముందు నిలబెట్టాయి. ప్రేక్షకులు బ్రహ్మరథం పట్టారు.

కట్టప్ప ప్రశ్నకు జవాబు దొరికింది. కాని పాఠకులారా, ఆ హడావుడిలో ఎవరూ వేయని ప్రశ్న ఇంకొకటి ఉండిపోయింది. అసలు ఆ మాహిష్మతి అంత గొప్ప రాజ్యం ఎలా అయింది? చిన్న రాజ్యం పెద్దది కావాలంటే ఏం కావాలి? మొనగాడి భుజబలం చాలునా?

ఈ ప్రశ్నను తేలిగ్గా తీసెయ్యడానికి లేదు. ఎందుకంటే మాహిష్మతి సినిమా కోసం పుట్టించిన పేరు కాదు. నిజంగా ఉన్న ఊరు. నిజంగా ఓడిపోయిన ఊరు!

ఉన్న ఊరే!

మధ్యప్రదేశ్‌లో నర్మదానది ఒడ్డున మహేశ్వర్ అనే ఊరు ఉంది. చీరల వ్యాపారం తెలిసినవాళ్లకు మహేశ్వరీ చీరలు తెలుసు. 18వ శతాబ్దంలో అహల్యాబాయి హోల్కర్ పరిపాలన సాగించింది అక్కడి నుంచే. పాతకాలపు మాహిష్మతి ఈ మహేశ్వరేనని చాలామంది పండితులు అంటారు. కాదు, కాస్త ఎగువన ఓంకారేశ్వరం దగ్గరున్న మాంధాత అని మరికొందరు అంటారు. ఎటైనా నర్మద ఒడ్డే.

పురాణాలు విన్న మన పెద్దవాళ్లకు ఈ ఊరు కొత్త కాదు. వేయి చేతుల కార్తవీర్యార్జునుడి రాజధాని ఇదే. నర్మద ప్రవాహాన్ని చేతులతో ఆపినవాడు, రావణాసురుణ్ణి పట్టి బంధించినవాడు, చివరికి పరశురాముడి గొడ్డలికి బలైనవాడు. భారతంలో సహదేవుడు దక్షిణ దిగ్విజయానికి బయలుదేరి, అగ్నిదేవుడు కాపలా కాసే నీలుడి నగరం ముందు తెల్లబోయి నిలబడ్డదీ ఇక్కడే. ఆదిశంకరులతో వాదానికి దిగిన మండనమిశ్రుడి ఊరు కూడా ఇదేనని సంప్రదాయం. కాళిదాసు "రఘువంశం"లో ఇందుమతీ స్వయంవరానికి వచ్చిన అనూప దేశపు రాజు రాజధానీ ఇదే.

పురాణాలు పక్కన పెట్టి బౌద్ధుల పాళీ గ్రంథాలు తీసినా మాహిష్మతి పేరు తగులుతుంది. "దీఘనికాయం"లో ఏడు దేశాల రాజధానుల జాబితా ఒకటి ఉంది. అందులో అవంతి దేశానికి రాజధాని "మాహిస్సతి" అని ఉంది. అదే జాబితాలో అస్సక దేశానికి "పోతన" అని ఉంది. ఆ పోతన మన నిజామాబాద్ పక్కనున్న బోధన్ అని పలువురు చరిత్రకారుల మాట. అంటే మాహిష్మతి, బోధన్ ఒకే పంక్తిలో కూర్చున్న ఊళ్లన్నమాట! ఈ బోధన్ సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ పని పడుతుంది.

గెలవవలసిన రాజ్యం

ఇప్పుడు అసలు కథకు వద్దాం. బుద్ధుడి కాలంలో పదహారు మహాజనపదాలు ఉండేవి. వాటిలో చివరిదాకా పోటీలో నిలిచినవి నాలుగే: మగధ, కోసల, వత్స, అవంతి. అవంతికి ఉత్తరాన ఉజ్జయిని, దక్షిణాన మాహిష్మతి రెండు కళ్లలాంటివి. రాజు ప్రద్యోతుడు. కోపిష్ఠి కనుక చండ ప్రద్యోతుడు అన్నారు. ఎంత చండుడంటే, మగధ రాజు అజాతశత్రువు అంతటివాడు ప్రద్యోతుడు ఎప్పుడు వచ్చి పడతాడోనని తన రాజగృహానికి గోడలు గట్టి చేయించుకున్నాడట. పాళీ గ్రంథాలే చెబుతున్నాయి.

అంటే ఏమిటి? ఆ రోజున ఎవరైనా పందెం కాస్తే అవంతి మీద కాసేవాళ్లు కూడా ఉండేవారు! మాళవం నల్లరేగడి భూమి వాళ్లది. ఉత్తరాది నుంచి దక్షిణాదికి వచ్చే బాటసారులు, బిడారులు వాళ్ల ఊళ్లమీదుగానే రావాలి. పడమటి సముద్రం మీద భరుకచ్ఛ రేవుకు దారి కూడా వాళ్ల గుమ్మం ముందు నుంచే. డబ్బుకు లోటు లేదు, పౌరుషానికి అసలే లోటు లేదు.

అయినా గెలిచింది మగధ. శిశునాగుడి కాలంలో ప్రద్యోత వంశం ప్రాభవం నేలకూలిందని పురాణాలు చెబుతున్నాయి. ఆ తరువాత నందులు, మౌర్యులు. అశోకుడు యువరాజుగా ఉన్నప్పుడు ఉజ్జయినికి వచ్చి కూర్చున్నది అవంతి రాజుగా కాదు, పాటలీపుత్రం పంపిన ప్రతినిధిగా!

మగధలో ఏముంది, అవంతిలో లేనిదేముంది? మగధ కూడా మొదట చిన్న రాజ్యమే. కాని గంగ, శోణ నదులు పొలాలకు నీళ్లిచ్చాయి, పడవలకు దారి ఇచ్చాయి. దక్షిణాన కొండల్లో ఇనుము దొరికింది. అడవుల్లో ఏనుగులు దొరికాయి. అంటే మగధను గెలిపించింది ఒక్క మహావీరుడు కాదు. నీరు, ఇనుము, ధాన్యం, వీటిని లెక్క ప్రకారం వాడుకున్న రాజుల వరస.

ఒకవేళ ప్రద్యోతుడే గెలిచి ఉంటే? పాటలీపుత్రం గంగ ఒడ్డున పల్లెటూరుగా మిగిలిపోయేది. భారతదేశానికి తొలి మహారాజధాని నర్మద ఒడ్డున వెలిసేది. గోదావరికీ ఆ రాజధానికీ నడుమ వింధ్య అడ్డం కూడా ఉండేది కాదు. దక్షిణాది కథ మొదటి పుట నుంచే వేరుగా ఉండేదేమో! ఉండేదేమో అనడమే తప్ప జరిగింది లేదు.

ఆ తరువాత మాహిష్మతికి ఇంకొక్క అవకాశం వచ్చింది. 6వ శతాబ్దంలో కలచురి రాజులు అక్కడి నుంచి ఏలి చాలా దూరం పెరిగారు. వాళ్లలో బుద్ధరాజును బాదామి చాళుక్యుడు మంగళేశుడు ఓడించాడు. మహాకూట స్తంభ శాసనం ఈ విజయాన్నే చాటుతుంది. మంగళేశుడి తరువాత వచ్చిన రెండో పులకేశి మన కోస్తా తీరం గెలిచి తమ్ముడు కుబ్జవిష్ణువర్ధనుణ్ణి వేంగిలో నిలిపాడు. చిత్రం చూడండి, మాహిష్మతి రెండో కల చెరిపేసిన వంశమే తెలుగునాట వేంగి కథ మొదలుపెట్టింది!

తెలుగు తెర తీర్చిన బాకీ

చరిత్ర ఇవ్వనిది సినిమా ఇచ్చింది. అవంతి దేశానికీ తెలుగు తెరకూ చుట్టరికం ఇవాళ్టిది కూడా కాదు. 1951లో విజయా వారి "పాతాళభైరవి" వచ్చింది. శ్రీ కె.వి.రెడ్డి దర్శకత్వం. తోటరాముడు ఉజ్జయిని కోటగోడ దూకితే ఆంధ్రదేశం హాళ్లలో ఈలలు మోగాయి. ఉజ్జయిని ఎక్కడిది? అవంతిదే! రాకుమారి పేరు ఇందుమతి! ఆ తరువాత విక్రమార్కుడి కథలతో వచ్చిన సినిమాలకూ ఉజ్జయినే రాజధాని. అప్పట్లో పిల్లలకు "చందమామ"లో, పెద్దలకు హాల్లో అదే ఊరు. నేలటిక్కెట్టు ప్రేక్షకుడికి ఢిల్లీ తెలియకపోయినా ఉజ్జయిని తెలుసు.

"బాహుబలి" వచ్చేసరికి అవంతి దక్షిణపు కన్ను వంతు వచ్చింది. కథ కల్పితమే అయినా పేర్లు చూడండి. తమన్నా పాత్ర అవంతిక. నాజర్ పాత్ర బిజ్జలదేవుడు. 12వ శతాబ్దంలో కల్యాణి చాళుక్యుల సింహాసనం లాక్కున్న కలచురి రాజు పేరు బిజ్జలుడే. ఆ కలచురులు తాము కార్తవీర్యుడి వంశంవాళ్లమని చెప్పుకునేవారు! అనుష్క పుట్టిల్లు కుంతల దేశం. అది కృష్ణకు ఎగువన కన్నడ, మరాఠీ సీమల్లో నిజంగా ఉన్న దేశం. కుంతల మీద పడే పిండారీలు 19వ శతాబ్దం మొదటి దాకా నర్మద లోయలో దోపిడీలు చేసి, 1817, 18 సంవత్సరాల్లో ఇంగ్లీషు సైన్యం చేతిలో అణగినవాళ్లు. మొదటి భాగంలో యుద్ధానికి వచ్చే కాలకేయులు భారతంలోని రాక్షసులు. పేర్లు పాతవి, పెనవేసిన తీరు కొత్తది. రెండు వేల అయిదు వందల ఏళ్ల సరుకు ఒకే మూటలో కట్టేశారు!

ఇది తప్పని నేననడం లేదు. జానపద చిత్రానికి పంచాంగం ఉండదు. కాని మూట విప్పితే ఒక్క వస్తువు మాత్రం కనిపించదు. అదేమిటో చెప్పే ముందు మా పేట కబురొకటి వినాలి.

చిలకలగూడ చౌరస్తాలో

మా చిలకలగూడ రైల్వేవాళ్ల పేట. సికింద్రాబాద్ స్టేషన్ కూతవేటు దూరం. చౌరస్తాలో చాయ్ తాగేవాళ్లలో సగంమంది రైలు పని చేసినవాళ్లు, మిగతా సగం వాళ్ల పిల్లలు. సినిమా మాట, రైలు మాట వస్తే పొద్దు గడిచినట్టే.

ఒక సాయంత్రం కుర్రాళ్ల మధ్య వాదు పడింది.

"అన్నా, మాహిష్మతి ఏడున్నదే?" అని నన్నడిగాడు ఒకడు.

నేను నోరు తెరవకముందే పక్కవాడు అందుకున్నాడు: "ఏడుంటదిరా? ఫిలిం సిటీల ఉన్నది. మొన్న టిక్కెట్టు కొని చూసొచ్చిన!"

అందరూ నవ్వారు. బెంచీ చివర కూర్చున్న రిటైర్డు గార్డు ఒకాయన మాత్రం నవ్వలేదు. "అరె బిడ్డా, నేను ఆ ఊరి పక్కకెళ్లి ఎన్నిమాట్ల పోయిన్నో లెక్క లేదు. మీటర్ గేజ్ బండి. నర్మద బ్రిడ్జి మీద బండి పోతుంటె జనం కిటికీలకెళ్లి పైసలు ఏసి దండం పెట్టేటోళ్లు" అన్నాడు.

ఆయన మాట నిజం. మీటర్ గేజ్ రోజుల్లో కాచిగూడలో బయలుదేరిన బండి నిజామాబాద్, పూర్ణా, అకోలా, ఖండ్వా దాటి, ఓంకారేశ్వరం దగ్గర నర్మద మీదుగా ఇండోర్ చేరి, రాజస్థాన్ దాకా పోయేది. మీనాక్షి ఎక్స్‌ప్రెస్ అనేవారు. ఆ బండి ఆగిపోయి చాలా ఏళ్లయింది.

ఆ రైలు దారి రైలు కన్నా పాతది. "సుత్తనిపాతం" అనే బౌద్ధ గ్రంథంలో బావరి అనే బ్రాహ్మణుడి కథ ఉంది. ఆయన గోదావరి ఒడ్డున అస్సక దేశంలో ఆశ్రమం కట్టుకుని ఉండేవాడు. బుద్ధుణ్ణి చూసి రమ్మని పదహారుగురు శిష్యులను పంపాడు. వాళ్లు పైఠన్ చేరి, అక్కడి నుంచి మాహిష్మతి, అక్కడి నుంచి ఉజ్జయిని, విదిశ, కౌశాంబి మీదుగా నడిచారు. అంటే గోదావరి గట్టున ఉన్నవాడికి మాహిష్మతి కల్పిత లోకం కాదు. ఉత్తరాదికి పోయే దారిలో మజిలీ!

అసలు బాహుబలి రాజ్యం వదిలేశాడు

ఆ దారిలోనే ఉంది ఇందాక చెప్పిన బోధన్. జైనుల పురాణాల్లో ఆదినాథుడి కొడుకు బాహుబలి ఏలిన ఊరు పోదనపురం. ఆ పోదనపురం మన బోధనే అనేది పలువురి అభిప్రాయం. శ్రవణబెళగొళలో 981లో చావుండరాయుడు నిలబెట్టించిన 57 అడుగుల గోమటేశ్వరుడు ఈ బాహుబలే.

ఆయన కథ సినిమా కథకు అన్నలాంటిది. అన్న భరతుడికీ తమ్ముడు బాహుబలికీ రాజ్యం కోసం పేచీ. సైన్యాలు కొట్టుకుని జనం చావడం ఎందుకని మంత్రులు ఇద్దరి మధ్యే పోటీ పెట్టారు. దృష్టియుద్ధం, జలయుద్ధం, మల్లయుద్ధం. మూడింటా బాహుబలే గెలిచాడు. గెలిచి, అన్న ముఖం చూసి, ఛీ ఈ రాజ్యం కోసమా అనుకుని, కిరీటం వదిలేసి అడవికి పోయాడు. తీగలు కాళ్లకు చుట్టుకునేదాకా నిలబడి తపస్సు చేశాడు.

మన సినిమాలో మాహిష్మతి సింహాసనం కోసం రెండు తరాలు నెత్తురు పారింది. అసలు బాహుబలి గెలిచిన మరుక్షణం సింహాసనాన్ని గడ్డిపోచలా తీసేశాడు. పేరు ఒకటే. నీతి ఎంత దూరం!

భుజమా? కట్టా?

మూటలో లేని వస్తువు ఏమిటో ఇప్పుడు చెబుతాను. నీళ్లు!

జలపాతం లేదా అంటారేమో. ఉంది, బ్రహ్మాండంగా ఉంది. నాయకుడు దాన్ని ఎక్కుతాడు. కాని మాహిష్మతి జనం తిన్న బియ్యం ఎక్కడ పండింది? అంత సైన్యానికి గ్రాసం ఎవడిచ్చాడు? ఆ కోట కట్టడానికి పన్ను ఎవరు కట్టారు? రెండో భాగంలో వెలివేయబడ్డ అమరేంద్ర బాహుబలి జనం మధ్య చేరి వాళ్ల శ్రమ తగ్గించే పనిముట్లు చేసి పెడతాడు. నా మటుకు రెండు భాగాల్లోనూ రాజు రాజుగా కనిపించింది ఆ నాలుగు నిమిషాలే. అది కూడా కిరీటం లేనప్పుడు!

ఇక నీళ్లు నిజంగా కథలోకి వచ్చేది ఒక్కచోట. కుంతల మీద పిండారీలు పడ్డప్పుడు. నాయకుడు ఆనకట్ట పగలగొట్టి వరదతో శత్రువుల్ని ముంచేస్తాడు. హాల్లో చప్పట్లే చప్పట్లు. నేనూ కొట్టాను. బయటికి వచ్చాక మాత్రం ఒక రైతు ముఖం కళ్లముందు మెదిలింది. శత్రువు పోయాడు సరే, మరుసటి ఎండాకాలం కుంతల పొలాలకు నీళ్లెవరు పెడతారు బాబూ?

కట్ట తెంచడం యుద్ధం. కట్ట కట్టడం రాజ్యం. ఈ తేడా మన జనానికి తెలియక కాదు. మా చిలకలగూడలో కట్టమైసమ్మ గుడి ఉంది. ఆషాఢం వస్తే ఆడవాళ్లు నెత్తిన బోనం ఎత్తుకుని పోతారు. కట్టమైసమ్మ అంటే ఎవరు? చెరువు కట్టను కాపాడే తల్లి. తెలంగాణలో కట్ట ఉన్నచోటల్లా మైసమ్మ ఉంటుంది. కోటగోడకు కాదు, చెరువుకట్టకు దేవతను నిలబెట్టుకున్న జాతి మనది!

ఎందుకు నిలబెట్టుకుందో తెలియాలంటే మాహిష్మతి వదిలి ఓరుగల్లు రావాలి.

నిజంగా గెలిచిన చిన్న రాజ్యం

కాకతీయులు మొదట ఎవరు? రాష్ట్రకూటుల దగ్గర సేనానులు. తరువాత కల్యాణి చాళుక్యుల కింద సామంతులు. తెలుగునేల ఉత్తరభాగాన అనుమకొండ చుట్టూ కాస్త సీమ. కృష్ణా, గోదావరి డెల్టాల్లాంటి బంగారు భూమి కాదు. రాళ్లు, గుట్టలు, వాన పడితే పంట, లేకపోతే వలస. ఆ రోజుల్లో ఎవరైనా పందెం కాస్తే ఈ రాజ్యం మీద దమ్మిడీ కూడా కాసేవారు కాదు.

1163లో వేయిస్తంభాల గుడి శాసనంతో రుద్రదేవుడు స్వతంత్రుడినని చాటాడు. ఆ తరువాత దేవగిరి యాదవులతో యుద్ధాలు వచ్చి రాజ్యం తలకిందులైంది. కుర్రవాడు గణపతిదేవుడు శత్రువులకు బందీగా చిక్కాడు. సింహాసనం ఖాళీ. ఇక్కడే మన కథకు కట్టప్ప వస్తాడు. ఆయన పేరు రేచర్ల రుద్రుడు. సేనాపతి. సింహాసనం మీద తాను కూర్చోలేదు, వెన్నుపోటు పొడవలేదు, రాజు తిరిగి వచ్చేదాకా రాజ్యాన్ని కూలిపోకుండా పట్టి నిలబెట్టాడు. 1199లో గణపతిదేవుడు రాజయ్యాడు. 1213లో ఆ సేనాపతి పాలంపేటలో గుడి కట్టించాడు. అదే రామప్ప గుడి. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది. గుడి పక్కనే రామప్ప చెరువు. నిజం కట్టప్ప చేతి గుర్తు కత్తి కాదు, చెరువు!

పాకాల, లక్నవరం, రామప్ప... ఈ పేర్లు ఇప్పుడు పిక్నిక్కులకు పోయేవాళ్లకు తెలుసు. ఆ రోజుల్లో అవి సామ్రాజ్యానికి పునాదిరాళ్లు. రెండు గుట్టల నడుమ కట్ట వేయడం, తూము పెట్టడం, నిండిన నీరు మత్తడి దూకి కింది చెరువుకు, అక్కడి నుంచి ఇంకో చెరువుకు పోయేట్టు గొలుసు కట్టడం. చెరువు తవ్వించినవాడికి, బాగు చేయించినవాడికి దశబంధం అని మాన్యం ఇచ్చేవారు. రాజే కాదు, సేనాపతులు, వర్తకులు అందరూ చెరువులు వేయించారు. అడవి పొలమైంది. పొలం పన్నైంది. పన్ను సైన్యమైంది. గుట్టల సీమ నుంచి బయలుదేరినవాళ్లు సముద్రతీరం దాకా తెలుగువాళ్లందరినీ ఒక్క గొడుగు కిందికి తెచ్చారు.

తీరానికి పోయి ఏం చేశారో చూడండి. అంతకుముందు తుఫానుకు కొట్టుకువచ్చిన ఓడల సరుకు రాజులు లాక్కునేవారు. 1244లో మోటుపల్లి రేవులో గణపతిదేవుడు అభయశాసనం వేయించాడు: నిర్ణయించిన సుంకం తప్ప ఇంకేమీ ముట్టుకోం, నిర్భయంగా రండి అని. ఓడను దోచుకుంటే ఒక్కరోజు ఆదాయం. ఓడను కాపాడితే వందేళ్ల ఆదాయం. ఈ లెక్క తెలిసినవాడే చక్రవర్తి అయ్యాడు. 1262లో కూతురు రుద్రమదేవి సింహాసనం ఎక్కింది. చందుపట్ల శాసనం చెప్పినట్టు 1289 దాకా ఏలి కన్నుమూసింది.

అదే సంవత్సరం, అదే తారలు

ఇక్కడ సినిమావాళ్ల విచిత్రం ఒకటి చెప్పాలి. "బాహుబలి" మొదటి భాగం వచ్చిన 2015లోనే అక్టోబరు 9న శ్రీ గుణశేఖర్ "రుద్రమదేవి" వచ్చింది. రెండు చిత్రాల్లోనూ అనుష్క ఉన్నారు. రెండింట్లోనూ రానా ఉన్నారు. కల్పిత రాజ్యంలో అనుష్క గొలుసులతో కట్టుబడ్డ దేవసేన. నిజం రాజ్యంలో సింహాసనం మీద కూర్చున్న రుద్రమ. కల్పిత రాజ్యంలో రానా భల్లాలదేవుడు. నిజం రాజ్యంలో రుద్రమను పెళ్లాడిన చాళుక్య వీరభద్రుడు. దేశం ఏ రాజ్యాన్ని గుండెకు హత్తుకుందో చెప్పనక్కరలేదు. "రుద్రమదేవి" చూసి బయటికి వచ్చినవాళ్ల నోళ్లలో మిగిలింది కూడా గోన గన్నారెడ్డి వేషంలో అల్లు అర్జున్ కొట్టిన డైలాగులే!

అదే 2015 మార్చిలో తెలంగాణ ప్రభుత్వం "మిషన్ కాకతీయ" అని పేరు పెట్టి 46 వేల పైచిలుకు చెరువుల పూడిక తీసే పనికి దిగింది. ఏడు వందల ఏళ్ల తరువాత కూడా ఆ రాజుల పేరు చెబితే జనానికి గుర్తొచ్చింది కోట కాదు, యుద్ధం కాదు, చెరువు! వెండితెర మాహిష్మతికి ఏడు వందల ఏళ్ల తరువాత ఏం మిగులుతుందో కాలమే చెప్పాలి.

ఇంకో జత కూడా ఉంది. 2017 జనవరి 12న శ్రీ క్రిష్ దర్శకత్వంలో శ్రీ బాలకృష్ణ నూరవ చిత్రం "గౌతమీపుత్ర శాతకర్ణి" వచ్చింది. మూడు నెలలు దాటాక "బాహుబలి" రెండో భాగం. తల్లి గౌతమీ బాలశ్రీ నాసిక్ గుహలో వేయించిన శాసనంలో శాతకర్ణి ఏలిన దేశాల జాబితా ఉంది. అస్సక, మూలక, విదర్భ, అవంతి, అనూప... ఆ అనూపమే మాహిష్మతి ఉన్న సీమ! అంటే జనవరి నాయకుడు ఏప్రిల్ రాజ్యాన్ని నిజంగానే ఏలాడు. శాతవాహనుల తొలి నాణేలు దొరికిన చోట్లలో గోదావరి ఒడ్డున మన కోటిలింగాల ఒకటి. వంశం పుట్టిందెక్కడ అని పండితులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. ఆ నాణేలు మాత్రం మన మట్టిలోనివే.

నర్మద ఒడ్డున చివరి దృశ్యం

మన నిర్మాతల మీద నాకు కోపం లేదు. మాహిష్మతిని గెలిపించిన చెయ్యి తెలుగువాడిదే అని నాకూ గర్వమే. ఓడిన రాజ్యానికి తెర మీద పట్టాభిషేకం చేయడం పుణ్యకార్యమే. కాని కథ చెప్పేవాడు ఒక్కటి మరిచిపోకూడదు. చిన్న రాజ్యం మొనగాడి వల్ల పెద్దదవుతుందని పదేపదే చెబితే జనం మొనగాడి కోసం ఎదురుచూస్తూ కూర్చుంటారు. చిన్న రాజ్యం కట్ట వేస్తే, మాట నిలబెట్టుకుంటే, ఓడను కాపాడితే పెద్దదవుతుందని ఒక్కసారి చెబితే జనం పలుగూ పారా అందుకుంటారు. రెండూ కథలే. ఏది ఎక్కువ చెబుతామన్నదే ప్రశ్న.

దృశ్యాలు లేవంటారా? ఎందుకు లేవు! రాజు చెరలో ఉండగా ఖాళీ సింహాసనం ముందు నిలబడ్డ రేచర్ల రుద్రుడు. తొలివాన రాత్రి కొత్త కట్ట ఆగుతుందో తెగుతుందోనని లాంతర్లు పట్టుకుని ఊరు ఊరంతా కట్ట మీద కాపలా. తుఫానులో ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడ, సరుకు పోయిందని ఏడుస్తున్న పరదేశి వర్తకుడు, వాడి భుజం మీద చెయ్యి వేసిన సుంకం అధికారి. ఇవి తీయడానికి గ్రాఫిక్స్ కోట్లు కూడా అక్కరలేదు.

చివరి దృశ్యం మాత్రం చరిత్రే రాసి పెట్టింది. 1323లో ఓరుగల్లు కోట ఢిల్లీ తుగ్లక్ సైన్యానికి చిక్కింది. ప్రతాపరుద్రుణ్ణి బందీగా ఢిల్లీకి తీసుకుపోయారు. ఆయన ఢిల్లీ చేరలేదు. దారిలో ఒక నది ఒడ్డున ప్రాణం విడిచాడని ముసునూరి ప్రోలయ నాయకుడి విలస శాసనం చెబుతోంది.

ఆ నది నర్మద!

కల్పిత సామ్రాజ్యం వెలసిన నది ఒడ్డునే మన నిజం సామ్రాజ్యం కన్నుమూసింది. ఓరుగల్లులో కోట కూలింది. కాని ఆ సంవత్సరం కూడా పాకాల నిండింది, రామప్ప మత్తడి దూకింది. ఇప్పటికీ దూకుతూనే ఉంది.

ఆ నీటి చప్పుడు మన సినిమాలో వినిపించేదెప్పుడు?